పేవాల్ ఎక్కడ పెట్టాలి? ధ్యానం, డైట్, అలవాట్ల యాప్‌లు చేసేవాళ్లకు నాలుగు దారుల పోలిక

"సార్, మీ యాప్ తీసేసి మూడు నెలలైంది. నిన్న మళ్లీ 399 కట్ అయింది. మావారి మందులకు పెట్టుకున్న డబ్బులవి. దయచేసి వెనక్కి ఇప్పించండి."

2020లో నేను పనిచేస్తున్న ఒక నిద్ర యాప్ సపోర్ట్ మెయిల్‌కు ఈ ఉత్తరం వచ్చింది. ఆవిడ ఎప్పుడు ఇన్‌స్టాల్ చేశారో చూశాను. రాత్రి 2:40. ఆ వేళప్పుడు 22 స్క్రీన్ల ప్రశ్నలకు ఓపిగ్గా జవాబులిచ్చారు. చివర్లో "మీ నిద్ర ప్లాన్ తయారవుతోంది" అంటూ ఒక చక్రం సున్నా నుంచి వంద దాకా నిండుతుంది. ఆ చక్రం వెనక ఏ లెక్కా జరగడం లేదు. అది ఆరు సెకన్లు తిరగాలని పెట్టింది నేనే. ఆ తర్వాతి స్క్రీన్‌లో ట్రయల్ బటన్ పెద్దగా ఉంటుంది, నెల ధర దాని కింద లేత బూడిద రంగులో ఉంటుంది. ఆ రంగు ఎంచిందీ నేనే. ఆవిడ విన్నది ఒకే ఒక్క ఆడియో, అదీ నాలుగు నిమిషాలు.

డబ్బు వెనక్కి ఇచ్చాం. కానీ అప్పటి నుంచి పేవాల్ గురించి, అంటే డబ్బు కడితేనే ముందుకు వెళ్లనిచ్చే స్క్రీన్ గురించి, ఎవరు సలహా అడిగినా నా మొదటి ప్రశ్న మారిపోయింది. "ఎంతమంది కడతారు?" అని అడగను. "కట్టి, వాడటం మానేసినవాళ్లకు మీ యాప్ ఏం చేస్తుంది?" అని అడుగుతాను.

యాప్ దాదాపు తయారై, డబ్బు ఎప్పుడు, ఎలా అడగాలో తేలక ఆగిపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మీ ముందు ప్రధానంగా నాలుగు దారులున్నాయి. ప్రశ్నలడిగి ఆపై తలుపు మూసేయడం ఒకటి. కొన్ని రోజులు ట్రయల్ ఇచ్చి, ఆపై డబ్బు దానంతటదే కట్ అయ్యేలా ఆటోపే పెట్టడం రెండోది. కొంత ఉచితంగా ఇచ్చి మిగతాదానికి డబ్బు అడగడం మూడోది. ఒక్కసారి కట్టించుకోవడం, లేదా అసలు అడగకపోవడం నాలుగోది.

ముందు దేన్ని బట్టి తూచాలో తేల్చుకుందాం

ఒక సినిమా టికెట్ యాప్‌కూ ధ్యానం యాప్‌కూ పెద్ద తేడా ఉంది. టికెట్ కొనేవాడికి ఏం కొంటున్నాడో తెలుసు. ధ్యానం, డైట్, తెల్లవారుజామున లేవడం వంటి యాప్‌ల దగ్గరికి మనిషి వచ్చేది తనమీద తనకు కాస్త అసంతృప్తి ఉన్న రోజున. షుగర్ రిపోర్ట్ వచ్చిన సాయంత్రం వస్తాడు. జనవరి 1న వస్తాడు. ఉద్యోగం పోయిన వారం వస్తాడు. ఆ రోజు అతను కొనేది తన మీద తను పెట్టుకున్న ఆశను. ఆశకు బేరమాడడు. అందుకే ఇక్కడ డిజైనర్ చేతిలో ఉన్న బలం మామూలు యాప్‌లకన్నా ఎక్కువ, బాధ్యతా ఎక్కువే.

ఆ ఆశ ఎంత ఖరీదో చెప్పే పరిశోధన ఒకటుంది. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికె మాల్మెండియర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు జిమ్‌ల హాజరు లెక్కలు తీసి 2006లో ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టే సభ్యులు సగటున నెలకు 4.3 సార్లే వెళ్లారు. అంటే వెళ్లిన ప్రతిసారికీ 17 డాలర్లకు పైనే పడింది. అదే జిమ్‌లో పది సార్లకు చెల్లే పాస్ కొనుక్కుంటే ఒక్కసారికి 10 డాలర్లు. వాళ్లకు లెక్కలు రాక కాదు. "ఈసారి తప్పకుండా వెళ్తాను" అని నిజంగానే నమ్మారు. మన యాప్‌లు చేసే వ్యాపారం కూడా ఈ నమ్మకం మీదే నడుస్తుంది.

కాబట్టి నేను చూసేవి ఇవి. డబ్బు అడిగే ముందు మనిషి అసలు పనిని ఒక్కసారైనా చేసి చూశాడా? ప్రశ్నలకు జవాబివ్వడం పని కాదు, రెండు నిమిషాలు ఊపిరి గమనించడం పని. ధర, డబ్బు కట్ అయ్యే తేదీ చదవగలిగే అక్షరాల్లో ఉన్నాయా? మానేసినవాడి జేబు నుంచి డబ్బు పోతూనే ఉంటుందా? ఒక్కో యూజర్ వల్ల మీకు నెలనెలా ఎంత ఖర్చవుతుంది? చివరగా, మన దగ్గరి చెల్లింపు పద్ధతులకూ చట్టానికీ అది సరిపడుతుందా? వీటిలో మూడోదానికి నేను ఎక్కువ బరువు ఇస్తాను, ఎందుకో ఆ ఉత్తరం చదివారు కదా.

మొదటి దారి: ప్రశ్నల వరస, ఆపై మూసిన తలుపు

బరువు తగ్గించే యాప్‌లలో ఇది బాగా పాకిపోయింది. వయసు, ఎత్తు, బరువు, లక్ష్యం, ఇంతకుముందు ఎందుకు విఫలమయ్యారు, ఎవరి పెళ్లికి సన్నబడాలి... ఇలా ఇరవై ముప్పై స్క్రీన్లు. చివర్లో మీ పేరుతో ఒక ప్లాన్, దాని ముందు పేవాల్. కట్టకపోతే యాప్‌లో ఒక్క అడుగు వేయలేరు.

ఇది ఎందుకు పనిచేస్తుందో మనస్తత్వ శాస్త్రంలో చాన్నాళ్లుగా తెలిసిందే. 1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ కాలిఫోర్నియాలో చేసిన ప్రయోగంలో, ముందుగా కిటికీలో జాగ్రత్తగా నడపమనే చిన్న బోర్డు పెట్టుకోవడానికి ఒప్పుకున్నవాళ్లు, తర్వాత ఇంటి ముందు పెద్ద బోర్డు పెడతామన్నా చాలామంది సరేనన్నారు. చిన్న అవునుకు పెద్ద అవును తోడవుతుంది. పదిహేను నిమిషాలు పెట్టాక వదిలేయడానికి మనసొప్పదు. ఇక ఆ తిరిగే చక్రం సంగతి. హార్వర్డ్ పరిశోధకులు ర్యాన్ బ్యూల్, మైకేల్ నార్టన్ 2011లో చూపించింది ఏమిటంటే, మన కోసం ఏదో పని జరుగుతోందని కనబడితే దాని ఫలితానికి ఎక్కువ విలువ ఇస్తాం, కాస్త ఆగాల్సి వచ్చినా సరే. నిజంగా పని జరుగుతుంటే దాన్ని చూపించడంలో తప్పులేదు. జరగని పనిని చూపించడం అబద్ధం.

ఈ దారికి ఒక న్యాయమైన చోటు ఉంది. మీ యాప్‌లో నిజమైన డైటీషియన్ మాట్లాడతారనుకోండి, లేదా ప్రతి ఫోటోకు ఏఐ ఖర్చు పడుతుందనుకోండి. ఉచితంగా వచ్చిన ప్రతి మనిషీ మీకు నష్టమే. అప్పుడు ముందే అడగడం అర్థం చేసుకోదగ్గది. ప్రశ్నలు కూడా తప్పు కాదు. షుగర్ ఉందా, మోకాళ్ల నొప్పులున్నాయా అని అడక్కుండా వ్యాయామం చెప్పడమే తప్పు.

ఎక్కడ గీత దాటుతున్నామో తెలుసుకోవడానికి నేను ఒక పని చేస్తాను. ప్రతి ప్రశ్ననూ కాగితం మీద రాసి, "ఈ జవాబు మారితే ప్లాన్‌లో ఏం మారుతుంది?" అని పక్కన రాస్తాను. ఆ నిద్ర యాప్ 22 ప్రశ్నలకు ఇలా రాసినప్పుడు ఐదింటి పక్కనే ఏదో ఒకటి రాయగలిగాను. మిగతా పదిహేడూ మనిషిని మెత్తబరచడానికి పెట్టినవే. "మీ కుటుంబం మిమ్మల్ని చూసి గర్వపడాలనుకుంటున్నారా?" అనే ప్రశ్నకు ఎవరు కాదంటారు? అది ప్రశ్న కాదు, ఒత్తిడి. అలాంటివి తీసేయండి. అలాగే ఇంకా వాడని యాప్‌కు ఆన్‌బోర్డింగ్ (కొత్తగా వచ్చినవాళ్లకు మొదట చూపే స్క్రీన్ల వరస) మధ్యలోనే ఐదు స్టార్లు అడిగే స్క్రీన్ కూడా.

ఈ దారి ఎటు దారితీయగలదో నూమ్ అనుభవం చెబుతుంది. ప్రశ్నలతో మొదలయ్యే ఆన్‌బోర్డింగ్‌కు పేరున్న ఈ అమెరికన్ డైట్ యాప్ మీద, ట్రయల్ నుంచి ఆటో రెన్యూవల్‌లోకి వెళ్లే పద్ధతిపై వినియోగదారులు కేసు వేశారు. 2022లో రాజీ కుదిరింది. 5.6 కోట్ల డాలర్ల నగదు, మరో 60 లక్షల డాలర్ల విలువైన సబ్‌స్క్రిప్షన్ క్రెడిట్లు ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకుంది. అంత డబ్బున్న కంపెనీ తట్టుకుంది. ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే మీ టీమ్‌కు వంద వన్ స్టార్ రివ్యూలు చాలు.

రెండో దారి: ట్రయల్, ఆపై ఆటోపే

కామ్, హెడ్‌స్పేస్ వంటి ధ్యానం యాప్‌లు జనానికి అలవాటు చేసిన పద్ధతి. కొన్ని రోజులు అన్నీ తెరిచి ఉంచుతారు, గడువు అయ్యాక డబ్బు కట్ అవుతుంది. మనిషి పనిని చేసి చూశాకే డబ్బు పోతుంది కాబట్టి మొదటి దారికన్నా మేలు. మరి చిక్కెక్కడ? గడువు మర్చిపోవడం దగ్గర. ట్రయల్ ఆదాయంలో ఎంత భాగం ఇష్టంతో వచ్చిందో, ఎంత భాగం మరుపుతో వచ్చిందో మీ డ్యాష్‌బోర్డ్‌లో కనబడదు. రెండూ ఒకే పచ్చగీతలో కలిసిపోతాయి.

దీనికి ఒక చక్కటి మందు బెర్లిన్ నుంచి వచ్చింది. పుస్తకాల సారాంశాలిచ్చే బ్లింకిస్ట్ యాప్ తన పేవాల్‌ను ఒక చిన్న కాలరేఖగా మార్చింది. ఈ రోజు ఏం తెరుచుకుంటుంది, ఏ రోజు మీకు గుర్తు చేస్తాం, ఏ రోజు డబ్బు తీసుకుంటాం అని వరసగా చూపించింది. గుర్తు చేస్తే జనం వెళ్లిపోతారనే భయం అందరిలోనూ ఉండేది. ట్రయల్ తీసుకునేవాళ్లు పెరిగారు, ఫిర్యాదులు బాగా తగ్గాయి. ఆ డిజైన్‌ను తర్వాత ఎన్నో యాప్‌లు తీసుకున్నాయి. తెలుగులో నేనైతే ఇలా రాస్తాను:

> ఈ రోజు, మార్చి 13: అన్ని పాఠాలూ తెరుచుకుంటాయి. ఇప్పుడు డబ్బు కట్ అవ్వదు.
> మార్చి 17: ట్రయల్ అయిపోవస్తోందని నోటిఫికేషన్ పంపిస్తాం.
> మార్చి 20: ఏడాదికి 999 రూపాయలు కట్ అవుతాయి. వద్దనుకుంటే మార్చి 19 లోపు ఆపేయండి.
> ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే సబ్‌స్క్రిప్షన్ ఆగదు. ఆపే పద్ధతి చూడాలంటే ఇక్కడ నొక్కండి.
> ట్రయల్ మొదలుపెట్టండి | ఇప్పుడు వద్దు

నాలుగో లైను పెట్టమంటే ప్రతి టీమ్‌లోనూ ఎవరో ఒకరు అడ్డుపడతారు. దయచేసి పెట్టండి. యాప్‌ను డిలీట్ చేస్తే డబ్బులు కూడా ఆగిపోతాయని నమ్మేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. కానీ యాపిల్‌లో గానీ, గూగుల్ ప్లేలో గానీ అలా ఆగదు. ఆ ఉత్తరం రాసిన ఆవిడ చేసిన తప్పల్లా అదే.

ట్రయల్ ఎన్ని రోజులు? గూగుల్ ప్లేలో కనీసం మూడు రోజులుండాలి. ఫోటో ఎడిటర్‌కు మూడు రోజులు సరిపోతాయి. నిద్రకూ ధ్యానానికీ సరిపోవు. మొదటి రెండు రోజులు కొత్త మోజులో గడిచిపోతాయి, మూడో రోజు ఇంకా ఏమీ తేలదు. కనీసం ఒక ఆదివారం మధ్యలో పడాలి. ఇంట్లో బంధువులు, పిల్లల గోల ఉన్న రోజున కూడా ఆ పది నిమిషాలు దొరుకుతాయో లేదో అప్పుడే తెలుస్తుంది. ఏడు రోజులకు తగ్గకండి.

మూడో దారి: కొంత ఉచితం, మిగతాదానికి డబ్బు

డ్యువోలింగో దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ఇన్‌స్టాల్ చేశాక ఖాతా తెరవమని కూడా అడక్కుండానే మొదటి పాఠంలోకి తీసుకెళుతుంది. రెండు మూడు వాక్యాలు నేర్చుకున్నాక, "ఇంతవరకూ వచ్చింది దాచుకోవాలా?" అన్నట్టుగా ఖాతా అడుగుతుంది. ముందు పని, తర్వాత అడగడం. నాకు తెలిసిన ఆన్‌బోర్డింగ్‌లలో నేర్చుకోదగ్గది ఇదే.

ఒప్పించడం అంటే మోసం కాదని చెప్పడానికి కూడా ఇది మంచి ఉదాహరణ. 2006లో నూన్స్, ద్రెజ్ అనే పరిశోధకులు ఒక కార్ వాష్‌లో రెండు రకాల కార్డులు పంచారు. ఒకదానిలో ఎనిమిది ముద్రలు వేయించుకోవాలి. రెండోదానిలో పది, కానీ రెండు ముందే వేసి ఇచ్చారు. మిగిలింది రెండింటిలోనూ ఎనిమిదే. మొదటి కార్డు పూర్తి చేసింది 19 శాతం, రెండోది 34 శాతం. మొదలైపోయిందనిపిస్తే ముందుకు సాగుతాం. మీ ఆన్‌బోర్డింగ్‌లోనే రెండు నిమిషాల శ్వాస చేయించి, "మొదటి రోజు పూర్తయింది" అని టిక్ పెట్టండి. ఇదే సూత్రం పనిచేస్తుంది, పైగా ఆ టిక్ నిజం.

అయితే ఈ దారికి జనం కావాలి, చాలామంది కావాలి. 2024 చివరికి డ్యువోలింగోను నెలలో కనీసం ఒకసారి వాడేవాళ్లు 11 కోట్లు దాటారు, డబ్బు కట్టేవాళ్లు 95 లక్షలు. అంటే పన్నెండు మందిలో ఒకరు. అంత ప్రసిద్ధమైన యాప్‌కే అది. నెలకు ఐదు వేల మంది వాడే తెలుగు అలవాట్ల యాప్‌కు అంతకంటే తక్కువే అనుకుని లెక్క వేసుకోండి. సర్వర్ ఖర్చు లేని యాప్ అయితే సర్దుకోవచ్చు. ప్రతి ఉచిత యూజర్‌కూ ఏఐ జవాబులిస్తే నిలవలేరు.

గీత ఎక్కడ గీయాలన్నది అసలు కష్టం. మూడు అలవాట్లు ఉచితం, నాలుగోదానికి డబ్బు అనడం నాకు న్యాయంగా తోస్తుంది, ఎందుకంటే మూడింటితోనూ మనిషి బాగుపడగలడు. మనిషి తన చేత్తో రాసుకున్న పాత డైరీ పేజీలకు తాళం వేయడం మాత్రం చేయకండి. అవి అతనివి. స్ట్రీక్, అంటే రోజూ తప్పకుండా చేసిన రోజుల వరస, తెగితే డబ్బు కట్టి అతికించుకోమనడం కూడా నాకు నచ్చదు. జ్వరమొచ్చి రెండు రోజులు మానేసిన మనిషికి మొదట వినబడాల్సింది "పర్లేదు, ఈ రోజు మళ్లీ మొదలుపెడదాం" అనే మాట.

నాలుగో దారి: ఒక్కసారి కట్టే డబ్బు, లేదా పూర్తి ఉచితం

దీన్ని పాతకాలం పద్ధతని చాలామంది పక్కన పెడతారు. నాకైతే చిన్న టీమ్‌లు ముందు చూడాల్సింది ఇదేననిపిస్తుంది.

ఒక్కసారి కొంటే సరిపోయే స్ట్రీక్స్ అనే అలవాట్ల యాప్ 2016లో యాపిల్ డిజైన్ అవార్డు తెచ్చుకుంది. ఆండ్రాయిడ్‌లో లూప్ హ్యాబిట్ ట్రాకర్ ఓపెన్ సోర్స్, పూర్తిగా ఉచితం, ప్రకటనలు కూడా లేవు. మెడిటో అనే ధ్యానం యాప్‌ను ఒక లాభాపేక్ష లేని సంస్థ ఉచితంగా నడుపుతోంది. ఇక మన ఊళ్ల సంగతి వేరే చెప్పాలా? హైదరాబాద్ శివార్లలోని కాన్హా శాంతివనంలో హార్ట్‌ఫుల్‌నెస్ ధ్యానం ఫీజు లేకుండా నేర్పుతారు. నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త విపశ్యన కేంద్రం 1976 నుంచీ ఉంది. అక్కడ పది రోజులు బస, భోజనం, శిక్షణ అన్నీ ఇచ్చి, కోర్సు పూర్తి చేసినవాళ్ల దగ్గరే విరాళం తీసుకుంటారు. పూర్తి చేయకుండా ఇస్తానన్నా తీసుకోరు. పేవాల్ ఎక్కడ పెట్టాలనే ప్రశ్నకు నేను విన్న జవాబుల్లో ఇంత గట్టిది ఇంకొకటి లేదు. తెలుగువాళ్లకు ధ్యానం యాప్ అమ్మాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మీ యూజర్ మనసులో మీకు పోటీ కామ్ కాదు, పక్కవీధిలో ఉచితంగా నేర్పే గురువుగారు.

ఈ దారిలోనే ఇంకో కొమ్మ ఉంది, దాని మీద నాకు చాలా ఆశ. గడువు ఉండి, తనంతట తాను రెన్యూ కాని ప్లాన్. గూగుల్ ప్లేలో ప్రీపెయిడ్ ప్లాన్‌గా పెట్టుకోవచ్చు, యాపిల్‌లో నాన్ రెన్యూయింగ్ సబ్‌స్క్రిప్షన్‌గా. మనవాళ్లకు రీచార్జ్ చేయించుకోవడం తెలుసు. మండలం రోజుల దీక్ష తెలుసు. "41 రోజుల నిద్ర దీక్ష, 149 రూపాయలు, గడువు అయ్యాక దానంతటదే ఆగిపోతుంది" అని చెబితే ఎవరికీ వివరించనక్కర్లేదు. మానేసినవాడికి పోయేది ఆ 149 మాత్రమే. నచ్చినవాడు మళ్లీ కడతాడు, కట్టినప్పుడల్లా మీ పని బాగుందని మీకు తెలుస్తుంది. లోటు కూడా చెప్పాలి. ప్రతిసారీ మళ్లీ అడగాలి కాబట్టి ఆదాయం ఎగుడుదిగుడుగా ఉంటుంది. పెట్టుబడిదారులకు ఈ గీత నచ్చదు.

| | డబ్బుకు ముందు పని చేసి చూస్తారా? | మానేసినవాడికి ఏమవుతుంది? | మీకు వచ్చే ఆదాయం | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| ప్రశ్నలు, మూసిన తలుపు | లేదు | ఆటోపే ఉంటే డబ్బు పోతూనే ఉంటుంది | త్వరగా వస్తుంది, రిఫండ్లు ఎక్కువ | కోచ్‌లు, ఏఐ ఖర్చు ఉన్న యాప్‌లు |
| ట్రయల్, ఆటోపే | అవును, ట్రయల్ రోజుల్లో | గుర్తు చేస్తే బయటపడతాడు, చేయకపోతే పోతుంది | స్థిరంగా ఉంటుంది | క్రమంగా కొత్త పాఠాలు చేర్చే టీమ్‌లు |
| కొంత ఉచితం | అవును | ఉచిత భాగంలో ఉంటే ఏమీ పోదు | ఎంతో జనం ఉంటేనే | భాషలు, అలవాట్ల యాప్‌లు |
| ఒక్కసారి, లేదా గడువు ప్లాన్ | నమూనా పెడితే అవును | కట్టినంతే, ఆపై ఏమీ పోదు | ఎగుడుదిగుడు | ఒంటరి డెవలపర్లు, సొంత శిష్యులున్న గురువులు |

మన దగ్గరి చట్టం, బ్యాంకులు ఏమంటున్నాయి

మీ యూజర్లు భారత్‌లో ఉంటే పై నిర్ణయంలో కొంత భాగం మీ చేతిలో లేదు. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం 2021 అక్టోబర్ 1 నుంచి ఆటో డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు కస్టమర్‌కు సమాచారం వెళ్లాలి. 15,000 రూపాయల లోపు మొత్తాలకు ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు గానీ, ఆ ముందస్తు మెసేజ్ మాత్రం తప్పదు. యూపీఐ ఆటోపేను ఫోన్‌పే, గూగుల్ పేలోంచే ఆపేసుకోవచ్చు. అంటే మరుపు మీద వ్యాపారం చేద్దామనుకున్నా ఇక్కడ కుదరదు. మీరు దాచిన తేదీ బ్యాంకు మెసేజ్‌లో బయటపడుతుంది. అప్పుడు ఆ మనిషి దృష్టిలో మీరు దొంగ. ఆ మాట మీ నుంచే ముందుగా వెళితే మర్యాదస్థులు.

2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్‌ల మీద, అంటే వాడేవాళ్లను తప్పుదారి పట్టించే డిజైన్ ఎత్తుగడల మీద, మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో 13 రకాలు పేర్కొన్నారు. మన యాప్‌లకు తగిలేవి ముఖ్యంగా ఇవి. యాప్ మళ్లీ తెరిస్తే మళ్లీ పది నిమిషాల దగ్గర మొదలయ్యే "ఆఫర్ ముగుస్తోంది" గడియారం, అది లేని తొందర పెట్టడం. "వద్దు, నాకు నా ఆరోగ్యం ముఖ్యం కాదు" అని రాసిన బటన్, అది సిగ్గుపడేలా చేసి ఒప్పించడం. ఆపేసే దారిని ఆరు మెనూల వెనక దాచడం, అది సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు. ఈ ఉచ్చు నిర్వచనంలో చాలామంది గమనించని వాక్యం ఒకటుంది. ఉచిత సబ్‌స్క్రిప్షన్ ఇవ్వడానికి పేమెంట్ వివరాలో, ఆటో డెబిట్ అనుమతో ఇచ్చి తీరాలని పట్టుబట్టడం కూడా అందులోకే వస్తుంది. రెండో దారి ఎంచుకునేవాళ్లు దాన్ని రెండుసార్లు చదవాలి. కార్డు అడక్కుండా ఏడు రోజులు తెరిచి ఉంచి, ఎనిమిదో రోజు కట్టమనడం ఇంకా శుభ్రమైన పద్ధతి. కట్టేవాళ్ల సంఖ్య తగ్గుతుంది, నిజమే. మిగిలినవాళ్లు తెలిసి కట్టినవాళ్లు.

ఇక మీరెవరు?

పగలు ఉద్యోగం చేసుకుంటూ రాత్రుళ్లు యాప్ రాసుకునేవాళ్లయితే నాలుగో దారితో మొదలుపెట్టండి. డేటా అంతా ఫోన్‌లోనే ఉంచితే మీకు నెలవారీ ఖర్చు దాదాపు ఉండదు, నెలనెలా అడగాల్సిన అవసరమూ ఉండదు. సపోర్ట్ మెయిళ్లకు జవాబిచ్చేది కూడా మీరే కదా, రిఫండ్ గొడవలు లేకపోవడం మీకు పెద్ద వరం.

పెట్టుబడి తీసుకున్న టీమ్ అయితే మీ మీద ఒత్తిడి వేరు. మొదటి దారిలో వారంలోనే కన్వర్షన్ (వచ్చినవాళ్లలో డబ్బు కట్టేవాళ్ల శాతం) పెరిగినట్టు కనబడుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. మా దగ్గరా కొట్టారు. ఆ చప్పట్లు ఆగిన నాలుగో నెలలో రిఫండ్లు, రివ్యూలు, రెన్యూవల్ శాతం పక్కపక్కన పెట్టి చూడండి. ట్రయల్ దారి తీసుకుని, గుర్తు చేసే నోటిఫికేషన్‌ను మొదటి రోజు నుంచే పెట్టమని నా సలహా. తర్వాత చేర్చుదామనుకున్నది ఎప్పటికీ చేరదు. ఆదాయం దానికి అలవాటు పడిపోయాక తగ్గించడానికి ఎవరికీ చేతులు రావు.

యోగా టీచర్, డైటీషియన్, స్పోకెన్ ఇంగ్లిష్ మాస్టారు వంటివాళ్లయి, వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే మీ వాళ్లుంటే, బ్యాచ్‌ల వారీ గడువు ప్లాన్‌ను మించింది లేదు. వాళ్లకు మిమ్మల్ని కొత్తగా ఒప్పించాల్సిన పని లేదు. ఇరవై ప్రశ్నల ఆన్‌బోర్డింగ్ పెడితే వాళ్లకే వింతగా ఉంటుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాల కోసం చేస్తుంటే ఏడాది సబ్‌స్క్రిప్షన్ వాళ్లకు మామూలే, ట్రయల్ దారి బాగానే నడుస్తుంది. కానీ అదే యాప్‌ను వాళ్లు ఇక్కడున్న అమ్మానాన్నల ఫోన్లలో కూడా వేస్తారు. అక్కడ ధర డాలర్ల నుంచి మార్చిన రూపాయల్లో కనబడితే ఆ పెద్దవాళ్లు కంగారుపడతారు. రెండు దేశాలకూ ధర విడిగా పెట్టండి, తెలుగు స్క్రీన్‌ను అనువాదంలా కాక విడిగా రాయించండి.

అరవై దాటినవాళ్లే మీ యూజర్లయితే, మొదటి దారిని పూర్తిగా వదిలేయండి. అలాంటి చోట నేను ఆటోపే కూడా పెట్టను.

నిర్ణయం తీసుకునే ముందు ఒక సాయంత్రం కేటాయించి ఈ పని చేయండి. మీ అమ్మగారి ఫోనో, అత్తగారి ఫోనో తీసుకుని యాప్ ఇన్‌స్టాల్ చేసి వాళ్ల చేతికివ్వండి. మీరు నోరు మెదపకండి. పేవాల్ దాకా రానివ్వండి. ఎంత కట్ అవుతుంది, ఎప్పుడు కట్ అవుతుంది అని అడగండి. తర్వాత "ఇక వద్దనుకో అమ్మా, ఆపేయ్" అని చెప్పి గడియారం చూడండి. మా అమ్మ ఆ నిద్ర యాప్‌ను ఆపడానికి పదకొండు నిమిషాలు వెతికి, చివరికి ఫోన్ నా చేతికిచ్చి, "నువ్వే చూడు నాన్నా, నాకు తెలియడం లేదు" అంది. మర్నాడు ఆఫీసులో ఆపేసే బటన్‌ను మొదటి మెనూలోకి తెచ్చాం. ధర అక్షరాలకు నల్ల రంగు వేశాం, తిరిగే చక్రాన్ని తీసేశాం. ఆ నెల ట్రయల్‌లు తగ్గాయి. మెయిల్‌బాక్స్‌లో "డబ్బులు కట్ అయ్యాయి" అనే ఉత్తరాలు ఆ తర్వాతి నెల నుంచి తగ్గుతూ వచ్చాయి.